పట్టిక ఒక పేజీలో, పటం ఇంకో పేజీలో

తెలంగాణ పదో తరగతి సాంఘికశాస్త్రం పేపరులో భూగోళానికి సంబంధించి రెండు రకాల ప్రశ్నలు ఏటా కనిపిస్తాయి. ఒకదాంట్లో పట్టికో గ్రాఫో ఇచ్చి, పరిశీలించి జవాబులు రాయమంటారు. ఇంకోదాంట్లో భారతదేశపు ఖాళీ పటం ఇచ్చి చిల్కా సరస్సు, ఆరావళి పర్వతాలు, కోరమండల్ తీరం, లక్షదీవులు వంటివి గుర్తించమంటారు. ఈ రెండోదాన్ని బడిలో మ్యాప్ పాయింటింగ్ అంటారు. చదువులో వెనకబడిన పిల్లలకు కూడా మార్కులు తెచ్చిపెట్టేది ఇదేనని పరీక్షల ముందు కూర్చోబెట్టి మరీ దిద్దిస్తారు. నలభై యాభై పేర్లు చేతికి అలవాటైతే చాలు. మొదటి ప్రశ్నకు ఆ సాధన కూడా అక్కర్లేదు. వాన ఎక్కువ పడ్డ నెల ఏది, తక్కువ పడ్డ నెల ఏది అని అడుగుతారు. పొడుగు కడ్డీ ఏదో, పొట్టి కడ్డీ ఏదో చూసి రాసేయవచ్చు. రెండింటికీ పూర్తి మార్కులు వచ్చిన పిల్లవాడికి భూగోళం వచ్చినట్టేనా అంటే, చెప్పలేం. పేర్లు గుర్తున్నాయని తెలుస్తుంది, కడ్డీల పొడవు పోల్చగలడని తెలుస్తుంది. ఒక చోట వాన ఎందుకు అలా పడింది, పడిన నీళ్లు ఎటు పోయాయి, అక్కడి మనుషుల బతుకు ఎందుకు అలా ఉంది అన్న ప్రశ్నల దాకా ఆ పేపరు వెళ్లనే లేదు. లోపం పిల్లల్లో లేదు, పాఠాల్లోనూ అంతగా లేదు. పట్టికను ఒక ప్రశ్నగా, పటాన్ని ఇంకో ప్రశ్నగా విడదీసి అడగడంలో ఉంది. ఆ విడదీత ఎలా వచ్చింది, సరిచేస్తే ఏమొస్తుంది, సరిచేయబోతే ఏ ఇబ్బందులు ఎదురవుతాయి అన్నది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలాన్ని ఎదురుగా పెట్టుకుని చూడవలసిన విషయం.

విడదీసినవాళ్ల ఉద్దేశం చెడ్డదేమీ కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెంట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తయారైన 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం, బట్టీ చదువును తగ్గించాలనే పట్టుదలతోనే వచ్చాయి. వాటి ప్రకారం రాసిన కొత్త పాఠ్యపుస్తకాలతో పదో తరగతి పరీక్ష 2014-15లో రూపం మార్చుకుంది. సాంఘికశాస్త్రానికి ఆరు విద్యా ప్రమాణాలు పెట్టారు. విషయావగాహన, పాఠ్యాంశాన్ని చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పట నైపుణ్యాలు, ప్రశంస-సున్నితత్వం. అంతకుముందు పేపరంతా జ్ఞాపకశక్తి పరీక్షగా ఉండేది కాబట్టి ఇది పెద్ద మలుపే. ఎనిమిదో తరగతి పుస్తకం మొదటి పాఠమే పటాలు చదవడం గురించి. పదో తరగతిలో భారతదేశ శీతోష్ణస్థితి పాఠం నెలవారీ వాననూ ఉష్ణోగ్రతనూ ఒకే గ్రాఫులో గీసిన క్లైమోగ్రాఫ్‌లు చూపి, ఈ ఊళ్లు పటంలో ఎక్కడున్నాయో చూసి తేడాలకు కారణం వెతకమంటుంది. అంటే పాఠం రాసినవాళ్లకు పట్టికా పటమూ కలిసి నడవాలని తెలుసు. తెగింది ప్రశ్నపత్రం దగ్గర. ఆరు ప్రమాణాలకూ విడివిడిగా వెయిటేజీ వేశారు. ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక ప్రమాణం గుర్తు తగిలించాలి. దాంతో మూడో ప్రమాణం కింద ఒక పట్టిక, అయిదో ప్రమాణం కింద ఒక పటం వచ్చాయి. రెండింటికీ చెందే ప్రశ్నకు ఆ గడుల్లో చోటు లేకుండా పోయింది. పండును పండుగా తినకుండా రసం ఒక గిన్నెలో, పీచు ఒక గిన్నెలో వడ్డించినట్టయింది వ్యవహారం.

ఒక ప్రశ్న నిజంగా భూగోళ నైపుణ్యాన్ని పరీక్షిస్తున్నదో లేదో తేల్చడానికి పెద్ద సిద్ధాంతం అవసరం లేదు, అరచెయ్యి చాలు. ప్రశ్నలోని పటాన్ని అరచేత్తో మూసి చూడాలి. అయినా జవాబు వస్తుంటే అక్కడ పటం అలంకారమే. తర్వాత పట్టికను మూయాలి. అయినా జవాబు వస్తుంటే పట్టిక దండగ. రెంటిలో ఏది మూసినా జవాబు రాకుండా పోతేనే అది భూగోళ ప్రశ్న. మన పేపర్లలోని ‘వర్షపాతం అత్యధికంగా ఉన్న నెల ఏది?’ అన్నది ఈ పరీక్షకు నిలవదు, ఎందుకంటే వర్షపాతం బదులు అక్కడ చొక్కాల అమ్మకాల లెక్క ఇచ్చినా పిల్లవాడు అదే పద్ధతిలో అదే జవాబు రాస్తాడు. ‘చిల్కా సరస్సు గుర్తించండి’ అన్నదీ నిలవదు, ఎందుకంటే చిల్కా ఉప్పునీటిదా మంచినీటిదా, లోతెంత, ఎవరు చేపలు పడతారు అనేవి తెలియకుండానే చుక్క పెట్టవచ్చు. అదే నాలుగు క్లైమోగ్రాఫ్‌లు ఊళ్ల పేర్లు చెరిపేసి ఇచ్చి, ఖాళీ పటం మీద అ, ఆ, ఇ, ఈ అని నాలుగు చుక్కలు పెట్టి, ఏ గ్రాఫు ఏ చుక్కదో జతపరచమంటే సంగతి మారిపోతుంది. అక్టోబరు-డిసెంబరు మధ్య కడ్డీలు పొడుగ్గా ఉన్న గ్రాఫు తూర్పు తీరపు దక్షిణ భాగానిది అని చెప్పాలంటే తిరోగమన రుతుపవనాలు తెలియాలి, ఆ గాలి బంగాళాఖాతం మీదుగా ఎటునుంచి వస్తుందో తెలియాలి, చుక్క ఎక్కడుందో చూడాలి. చెన్నై అన్న మాట పిల్లవాడికి గుర్తుండవలసిన పని లేదు. పాఠంలోని ఊళ్లే మళ్లీ ఇస్తే అదీ బట్టీయే అవుతుంది కనుక, పుస్తకంలో లేని ఊళ్లు ఇవ్వాలి. అంతకుమించి ఖర్చు లేదు, శ్రమ లేదు.

శీతోష్ణస్థితి సమాచారానికి ఈ పనిలో ప్రత్యేకమైన యోగ్యత ఉంది. జనాభా లెక్కలు పదేళ్లకోసారి వస్తాయి, పంటల లెక్కలు ఆలస్యంగా వస్తాయి. వాన, ఎండ, తేమ లెక్కలు రోజూ పుడుతుంటాయి. తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంస్థ నడిపే స్వయంచాలక వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి, మండల స్థాయి దాకా వాన లెక్కలు దొరుకుతున్నాయి. ఉపాధ్యాయుడు గైడు మీద ఆధారపడకుండా ప్రశ్న తయారు చేసుకోవడానికి ఇంత తాజా సరుకు మరే విషయంలోనూ లేదు. రెండో యోగ్యత, అంకె తానుగా ఏమీ చెప్పదని శీతోష్ణస్థితి చప్పున నేర్పుతుంది. లండన్‌లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో అంతకంటే ఎక్కువే, సుమారు 700 నుంచి 750. మరి అక్కడ గడ్డి ఏడాది పొడవునా పచ్చగా ఉండి, ఇక్కడి చెల్క నేలలు ఫిబ్రవరికల్లా ఎందుకు ఎండిపోయి కూర్చుంటాయి? జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హైన్రిక్ వాల్టర్ వాడుకలోకి తెచ్చిన చిత్రపటం ఈ గుట్టు విప్పుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు వర్షపాతం 20 మిల్లీమీటర్లు సమానమయ్యేలా రెండు కొలబద్దలూ గీస్తారు. వాన గీత ఎండ గీత కిందికి పోయిన నెల ఎండు నెల. లండన్‌లో అలాంటి నెల ఒక్కటీ రాదు. దక్షిణ తెలంగాణలో నవంబరు నుంచి మే దాకా ఏడు నెలలు వస్తాయి. మన పాఠ్యపుస్తకాల క్లైమోగ్రాఫ్‌లలో ఆ కొలబద్దల నియమం లేదు కాబట్టి గీతలు ఎక్కడ దాటుకున్నా దానికి అర్థం ఉండదు. చిన్న మార్పు, కానీ గ్రాఫును బొమ్మలా చూడటానికీ వాదనలా చదవడానికీ మధ్య ఉన్న దూరం అదే.

ఇక మర్రిగూడ. పదిహేడు డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర్లో, హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారికి పక్కన, ఎర్ర చెల్కలూ రాతి గుట్టలూ ఉన్న పీఠభూమి మీది మండలం. పత్తి, బత్తాయి, ఒకప్పుడు ఆముదం పండిన నేలలు. దీని పేరు రాష్ట్రమంతా తెలిసింది ఫ్లోరైడ్ వల్ల. శివన్నగూడెం వంటి ఊళ్లలో వంకర్లు తిరిగిన ఎముకలతో బతికిన మనుషుల ఫొటోలు పత్రికల్లో దశాబ్దాల పాటు వచ్చాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము, తప్పనిసరైతే ఒకటిన్నర అన్నది మన ప్రమాణం. నల్లగొండ బోర్లు దాన్ని ఎన్నోరెట్లు దాటాయి. పటికా సున్నమూ బ్లీచింగ్ పౌడరూ కలిపి ఫ్లోరైడును దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. జిల్లా పేరు ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కిన తీరు అది. ఈ సంగతిని పరీక్షలో ఎలా అడుగుతాం? ‘ఫ్లోరైడ్ సమస్య ఉన్న జిల్లా ఏది?’ అని బిట్టుగా అడగొచ్చు, ఇప్పటిదాకా అడుగుతున్నదీ అదే. భూగోళంగా అడగాలంటే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాలి: నెలవారీ వాన, ఎండ లెక్కలు; రాతి రకాల పటం; బావుల లోతూ ఫ్లోరైడ్ పాళ్లూ చూపే పట్టిక. వాన పట్టిక ఒక్కటే చూస్తే ఇది సాధారణ మెట్ట ప్రాంతం, అంతే. రాతి పటం ఒక్కటే చూస్తే కింద గ్రానైట్, అందులో ఫ్లోరైడ్ ఖనిజాలు ఉన్నాయని తెలుస్తుంది, కానీ గ్రానైట్ ఉన్న ప్రతిచోటా జబ్బు లేదు కదా. రెండూ కలిపితే కథ కట్టుకుంటుంది. ఏడు ఎండు నెలలు ఉన్నచోట చెరువూ కుంటా నిలవవు, మనిషి బోరుకు దిగుతాడు. లోతుకు పోయినకొద్దీ నీరు రాతిలో ఎక్కువ కాలం నానినది. పైన ఎండకు ఆవిరై చిక్కబడుతుంది. నీటిలో సున్నం తగ్గినచోట ఫ్లోరైడు కరిగే ఉండిపోతుంది.

అక్కడితో ఆగదు. ఎండ ఎక్కువైన చోట మనిషి నీళ్లు ఎక్కువ తాగుతాడు, అందువల్ల లీటరుకు ఒకే పాళ్లున్న నీరు చల్లటి దేశంలో చేసే కీడుకంటే ఇక్కడ ఎక్కువ చేస్తుంది. 1950లలో గాలగన్, వెర్మిలియన్ అనే అమెరికన్ పరిశోధకులు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉండాలన్నది ఆ ప్రాంతపు గరిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. 1962లో ఆ దేశపు ప్రమాణాలు కూడా ఉష్ణోగ్రతను బట్టే మారేలా వచ్చాయి. ఎండ పట్టికా వైద్యమూ ఒక్కచోట చేరిన అరుదైన ఉదాహరణ ఇది, ఏ తొమ్మిదో తరగతి పిల్లవాడైనా చేయగల లెక్క. ఇంకో పటం కూడా జోడించాలి, కాంటూరు పటం. కృష్ణ మీద నాగార్జునసాగర్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. పటంలో బెత్తెడు. అంత దగ్గర నీళ్లుండగా ఈ ఊళ్లకు కాలువ ఎందుకు రాలేదు అన్నది పిల్లలు సహజంగా అడిగే ప్రశ్న. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు; ఈ పీఠభూమి అంతకంటే బాగా ఎత్తున ఉంది. నీరు తానుగా ఎక్కదు, ఎత్తిపోయాలి. 2015 జూన్‌లో డిండి ఎత్తిపోతల పథకానికి ఈ మండలంలోని శివన్నగూడెంలోనే శంకుస్థాపన చేయడం వెనుక ఉన్నది ఆ కాంటూరు గీతలే. అంతకు దాదాపు రెండు దశాబ్దాల ముందు, 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేసి బ్యాలెట్ కాగితాన్ని పుస్తకం చేశారు. నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి జిల్లా జనం ఎంచుకున్న దారి అది. ఈ సంఖ్యను పౌరశాస్త్రంలో చెబుతాం, కాంటూరును భూగోళంలో చెబుతాం, ఒకటి ఇంకోదానికి కారణమని మాత్రం ఎక్కడా చెప్పం.

సాగర్ విషయమే తీసుకుంటే, పట్టికను పటం లేకుండా చదివితే ఎంత ఘోరంగా తప్పుతామో కూడా తెలుస్తుంది. మర్రిగూడలో వాన కరువైన ఏడాది సాగర్ నిండవచ్చు, మర్రిగూడలో కుండపోత పోసిన ఏడాది సాగర్ అడుగంటవచ్చు. కృష్ణ పుట్టే మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. అక్కడినుంచి తూర్పుకు కొద్ది పదుల కిలోమీటర్లు దిగేసరికి కొండచాటు పడి అది వెయ్యికి లోపు పోతుంది. మన రిజర్వాయరు నిండేది ప్రధానంగా ఆ పడమటి కనుమల వానతో. స్థానిక వాన లెక్క ఇచ్చి ‘ఈ ఏడాది సాగర్ నిండుతుందా?’ అని అడిగితే సరైన జవాబు ‘ఈ సమాచారంతో చెప్పలేం’ అన్నదే. ఇలాంటి జవాబుకు మన మూల్యాంకనంలో మార్కు లేదు. ఉండాలి. 2009 ఇంకా కఠినమైన పాఠం. ఆ ఏడు దేశం మొత్తానికి నైరుతి వానలు దీర్ఘకాలిక సగటులో 78 శాతమే పడ్డాయి, పచ్చి కరువు. అదే ఏడు అక్టోబరు తొలివారంలో కృష్ణా, తుంగభద్రలు పొంగి కర్నూలును, ఇటు మహబూబ్‌నగర్ జిల్లా అలంపూర్ వైపు ఊళ్లను ముంచాయి. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలానికి 25 లక్షలకు పైగా వరద వచ్చింది. నైరుతి వానల లెక్క చూసిన విద్యార్థి కరువు అంటాడు, అక్టోబరు పట్టిక చూసిన విద్యార్థి వరద అంటాడు, ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ రెండు నిజాలనూ ఒకే పటం మీద ఎక్కడ, ఎప్పుడు అని సర్దగలిగినవాడికే భూగోళం వచ్చినట్టు.

నెల అనే కొలత కూడా పిల్లలు ప్రశ్నించవలసినదే. వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే ‘సాధారణం’. జూలైలో పడవలసిన వాన మొత్తం రెండు రోజుల్లో పడి, మిగతా నెలంతా బెట్ట కొట్టినా పట్టికలో అది సాధారణమే. పత్తి చేనులో అది సర్వనాశనం. రైతులు ఈ ఇబ్బందిని ఎప్పుడో దాటారు. కార్తెలు ఏడాదిని 27 ముక్కలు చేస్తాయి, ఒక్కో ముక్క పదమూడు పద్నాలుగు రోజులు. మిరుగంలో పదునైందా, ఆరుద్రలో చినుకు పడ్డదా, పుబ్బలో ఎండిందా అని అడిగే మనిషి నెలవారీ పట్టిక కంటే రెట్టింపు సూక్ష్మమైన గ్రాఫు తలలో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. రోజువారీ లెక్కలను నెలలుగా ఒకసారి, కార్తెలుగా ఒకసారి కూడి రెండు గ్రాఫులు గీయమని, రెండోదాంట్లో కనిపించి మొదటిదాంట్లో మాయమైందేమిటో చెప్పమని అడిగితే, మర్రిగూడ పిల్లలు నగరపు పిల్లలకంటే ముందుంటారేమో. (కార్తెలతో వాన వస్తుందో రాదో చెప్పడం వేరే సంగతి, దానికి ఇక్కడ పూచీ లేదు, కొలబద్దగా దాని విలువ గురించే ఈ మాట.) ఇలాగే సరిహద్దులు. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి, 2019లో నారాయణపేట వచ్చింది, మాడ్గుల వంటి మండలాలు రంగారెడ్డిలో కలిశాయి. 2015 నాటి ‘నల్లగొండ జిల్లా వర్షపాతం’, 2020 నాటి ‘నల్లగొండ జిల్లా వర్షపాతం’ ఒకే నేల గురించిన అంకెలు కావు. రంగులు నింపిన జిల్లాల పటంలో సరిహద్దు గీత దగ్గర రంగు ఠక్కున మారుతుంది. మేఘానికి ఆ గీత తెలియదు. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1817లో సమోష్ణ రేఖల పటం గీసినప్పుడు పరిపాలనా సరిహద్దులను పక్కన పెట్టి అంకెలను అంకెలతో కలిపాడు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనం పిల్లలకు జిల్లా రంగులే ఎక్కువ చూపిస్తున్నాం.

బయటి ప్రపంచం ఈ విషయంలో మనకంటే ఎంతో ముందుందనుకుంటే పొరపాటు. అమెరికాలో జాతీయ స్థాయి నమూనా పరీక్షలో 2018లో భూగోళంలో ప్రావీణ్య స్థాయిని అందుకున్న ఎనిమిదో తరగతి పిల్లలు నూటికి 25 మంది మాత్రమే. అంతకుముందు 2014లో 27. బ్రిటన్‌లో పదహారేళ్ల వయసు పరీక్షల్లో ఆర్డినెన్స్ సర్వే పటం తునకలు, ఫొటోలు, గ్రాఫులు కలిపి ఇచ్చి ప్రశ్నలు అడిగే సంప్రదాయం గట్టిగా ఉంది, క్షేత్ర పర్యటన మీద కూడా ప్రశ్నలుంటాయి. 1996లో హేగ్‌లో మొదలైన అంతర్జాతీయ భూగోళ ఒలింపియాడ్‌లో మార్కులు 40 శాతం రాత పరీక్షకు, 40 శాతం క్షేత్రపనికి, 20 శాతం చిత్రాలూ పటాల ప్రశ్నలకు పోతాయి. క్షేత్రపనిలో విద్యార్థి తెలియని ఊళ్లో తిరిగి తానే పటం గీయాలి. మన సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతి భూగోళంలో 30 మార్కుల ప్రాక్టికల్ ఉంది, సమాచారాన్ని పటంగా మార్చే పని అందులో భాగం. కానీ పదో తరగతి తర్వాత భూగోళం తీసుకునే పిల్లలు ఎంతమంది? తెలంగాణ ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీల వరద ముందు ఆ సబ్జెక్టు చిన్న వాగు. కాబట్టి ఈ నైపుణ్యం రావలసింది పదో తరగతి లోపే, అందరికీ పెట్టే ఆ ఒక్క పరీక్షలోనే.

దీనిమీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది మూల్యాంకనం గురించి. ఏటా దాదాపు అయిదు లక్షల మంది రాసే పరీక్ష ఇది. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక్కో ఉపాధ్యాయుడు రోజుకు పదుల కొద్దీ పేపర్లు దిద్దుతాడు. చిల్కా దగ్గర చుక్క ఉందా లేదా చూడటానికి క్షణం చాలు. ‘కారణాలు ఊహించి రాయండి’ అంటే ఒకరు మూడు వేస్తారు, ఇంకొకరు ఒకటి వేస్తారు, పిల్లల భవిష్యత్తు దిద్దినవాడి ఓపిక మీద ఆధారపడుతుంది. ఈ భయం నిజమైనదే. అయితే పట్టికా పటమూ కలిసిన ప్రశ్న వ్యాసరూపంలోనే ఉండాలన్న నియమం లేదు. పైన చెప్పిన క్లైమోగ్రాఫ్‌ల జతపరచడం బిట్టు పేపరులో పట్టే ప్రశ్న, యంత్రం కూడా దిద్దగలదు. నాలుగు పటాలు ఇచ్చి ఈ పట్టికకు సరిపోయేది ఏదో ఎంచుకోమనవచ్చు. ఒక పటం మీద సమవర్షపాత రేఖ గీయమంటే కీ మీద పెట్టి చూస్తే చాలు. వివరణ రాయవలసిన ప్రశ్నకు జవాబును మూడు ముక్కలు చేసి, పట్టికలోని ఒక అంకె పేర్కొన్నాడా, పటంలోని ఒక చోటు పేర్కొన్నాడా, రెంటినీ కలిపే కారణం చెప్పాడా అని ఒక్కోదానికి ఒక్కో మార్కు పెడితే దిద్దేవారి మధ్య తేడా చాలా తగ్గుతుంది. నిజానికి ఇప్పుడు ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందన’ కింద రాసే అరపేజీల జవాబుల్లో ఉన్న అస్థిరత కంటే ఇది తక్కువే.

రెండో అభ్యంతరం పేర్లు గుర్తుండటాన్ని తక్కువ చేస్తున్నామన్నది. ఆరావళి ఎక్కడో తెలియని పిల్లవాడు ఆ కొండలు రుతుపవనాలకు సమాంతరంగా ఉన్నందువల్ల రాజస్థాన్‌కు వాన దక్కడం లేదన్న మాట ఎలా అర్థం చేసుకుంటాడు? ఈ మాటను కాదనలేం. పేర్లు కావాలి, గుణింతం కావలసినంతగా కావాలి. కానీ గుణింతం ఒక్కటే అడిగే తెలుగు పరీక్షను ఎవరూ తెలుగు పరీక్ష అనరు. పైగా చోటు తెలియకపోతే జతపరిచే ప్రశ్నకు జవాబు రాదు గనక, పేర్ల జ్ఞానం అందులో ఎలాగూ పరీక్షకు వస్తుంది, విడిగా మార్కులు పెట్టకుండానే. ఇంతకంటే ఆలోచింపజేసేది ఇంకొక అభ్యంతరం: ఇవాళ కొత్తగా కనిపించే ప్రశ్న రేపు గైడులోకి ఎక్కుతుంది, ‘ముఖ్యమైన క్లైమోగ్రాఫ్‌లు ఇరవై’ అని అమ్ముతారు, మళ్లీ బట్టీయే. ఇది జరుగుతుంది, సందేహం లేదు. అయినా పటంలో గుర్తించే పేర్లు నలభై యాభై అయితే, వెయ్యికి పైగా కేంద్రాల నుంచి రోజూ వచ్చే లెక్కలు ఏ గైడులోనూ ఇమడవు. సరుకు ఏటా మారే ప్రశ్నకు బట్టీ పట్టగలిగేది పద్ధతిని మాత్రమే, ఆ పద్ధతినే కదా మనం నేర్పాలనుకున్నది.

స్థానిక సమాచారం పెడితే అన్యాయం జరుగుతుందన్న మాట కూడా వినవస్తుంది. మర్రిగూడ ప్రశ్నకు మర్రిగూడ పిల్లవాడు, ఆదిలాబాదు పిల్లవాడు సమానంగా జవాబు రాయలేరు కదా. రాష్ట్రమంతటికీ ఒకే పేపరున్న పబ్లిక్ పరీక్షలో ఇది నిజం. అక్కడ ఎవరికీ తెలియని చోటునే ఇచ్చి, కావలసిన సమాచారమంతా పేపరులోనే పెట్టాలి. సొంత మండలపు లెక్కలకు తగిన చోటు బడిలో జరిగే ఫార్మేటివ్ పరీక్షలూ ప్రాజెక్టు పనులూ. ఇప్పుడు ఆ ప్రాజెక్టులు చాలాచోట్ల గైడులోంచి ఎత్తిరాసిన కాగితాలు. మండల కేంద్రపు వాన లెక్కా, ఊరి చెరువు ఎప్పుడు అలుగు పోసిందన్న వివరమూ ఎత్తిరాయడం కుదరదు. ఫ్లోరైడ్ గురించిన ప్రశ్నలో మరో సున్నితత్వం ఉంది. తాతకో మేనత్తకో ఆ జబ్బున్న పిల్ల పరీక్షలో దాన్ని చూసి నొచ్చుకోవచ్చు. అందుకే ప్రశ్న రాతి గురించి, నీటి గురించి, లోతు గురించి ఉండాలి. మనుషుల వంకర్ల బొమ్మలు పేపరులో ఉండకూడదు. చూపు లేని విద్యార్థుల మాట మన చర్చల్లో దాదాపు రాదు. పట ప్రశ్నకు బదులు వాళ్లకు వేరే ప్రశ్న ఇవ్వడం సి.బి.ఎస్.ఇ.లోనూ ఉంది, అది మినహాయింపే తప్ప నైపుణ్యం కాదు. పట్టికా పటమూ కలిసిన ప్రశ్న వీళ్లకు నిజానికి మేలు, ఎందుకంటే ఉబ్బెత్తు గీతలతో చేసిన స్పర్శ పటం మీద చిన్న చుక్క వెతకడం కష్టం గానీ, ఈ చోటు సముద్రానికి దగ్గరా దూరమా, కొండకు ఇటా అటా అన్నది వేలితో సులువుగా తెలుస్తుంది, అంకెలు బ్రెయిల్‌లో చదవవచ్చు.

పనికొచ్చే ప్రశ్న ఒకటి ఇలా ఉండవచ్చు. ఒక పేజీలో ఎడమపక్కన పేరు చెరిపిన మండలపు పన్నెండు నెలల వాన, సగటు ఉష్ణోగ్రత; కుడిపక్కన కాంటూరు గీతలూ వాగులూ రాతి రకాలూ చూపే పటం, దాని మీద మూడు ఊళ్లు, లోయలో ఒక రిజర్వాయరు. మొదటి ప్రశ్న: ఎండు నెలలు ఎన్ని? రెండోది: మూడు ఊళ్లలో ఏ ఊరి బోరు నీటిని ముందు పరీక్షించాలి, పట్టిక నుంచి ఒక కారణం, పటం నుంచి ఒక కారణం చెప్పు. మూడోది: కింద లోయలో ఉన్న రిజర్వాయరు నుంచి ఈ ఊళ్లలో దేనికి తక్కువ ఎత్తు ఎత్తిపోస్తే నీళ్లు అందుతాయి? నాలుగోది: నీ జవాబు ఖాయం చేసుకోవడానికి ఇక్కడ ఇవ్వని ఏ సమాచారం అడుగుతావు, ఎవరిని అడుగుతావు? ఈ నాలుగో ప్రశ్నకు గ్రామీణ నీటి సరఫరా (ఆర్.డబ్ల్యు.ఎస్.) ఆఫీసు అని రాసినవాడికీ, బోరు వేసిన బండివాళ్లను అడుగుతాను, ఎన్ని అడుగుల దగ్గర రాయి తగిలిందో వాళ్లకు తెలుసు అని రాసినవాడికీ సమానంగా మార్కు పడాలి. రెండో జవాబు కీలో ఉండదు. దిద్దే పంతులు మార్కు వేయడానికి వెనకాడకుండా కీ రాసేటప్పుడే ఆ మాట చేర్చిపెట్టాలి.